మామగారి పేరున మీటరు, మేడ మీద సోలారు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. ముప్పై ఏళ్ల కిందట మా మామగారు కట్టించిన ఇల్లు. కింద మేం ఉంటున్నాం, పైన అద్దెకిచ్చాం. రెండు వాటాలకీ వేర్వేరు మీటర్లు. మా వాటాకి వేసవిలో నెలకు 400 యూనిట్ల దాకా కాలుతుంది, చల్లటి నెలల్లో 200. మేడ మీద సోలార్ పెట్టించాలని మావారి కోరిక. ఒక కంపెనీ కుర్రాడు వచ్చి, ఐదు కిలోవాట్లు పెట్టుకోండి, మూడు లక్షల పాతిక వేలు అవుతుంది, 78 వేలు సబ్సిడీ వస్తుంది, ఇక జీవితాంతం జీరో బిల్లే అన్నాడు. పర్మిషన్లన్నీ తనే చూసుకుంటాడట. ఈ నెలాఖరుకి స్కీము అయిపోతుందట, యాభై వేలు అడ్వాన్సు ఇమ్మంటున్నాడు. మీటరు ఇంకా మామగారి పేరునే ఉంది, ఆయన పోయి నాలుగేళ్లయింది. మా ఆడపడుచు హైదరాబాద్‌లో ఉంటుంది. జీవీఎంసీ, అదే కార్పొరేషన్, పర్మిషన్ కావాలా? తుపానొస్తే ఏమిటి పరిస్థితి? మేడంతా పలకలు పరిచేస్తే వడియాలు ఎక్కడ పెట్టుకోవాలని మా అత్తగారి గొడవ. ఏం చెయ్యాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఐదు కిలోవాట్ల గురించి ఐదారు లైన్లు ఉన్నాయి, మీటరు మామగారి పేరున ఉందన్న సంగతి ఒక్క లైను. నేను ఆ ఒక్క లైను దగ్గరే ఆగిపోయాను. అడ్వాన్సు మాట తర్వాత, ముందు ఆ పేరు సంగతి చూడండి.

ఆ కుర్రాడు చెప్పిన స్కీము, ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం. అందులో దరఖాస్తు మీ సర్వీసు నంబరుతోనే మొదలవుతుంది. ఆ నంబరు కొట్టగానే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ, మీకు ఈపీడీసీఎల్) రికార్డులో ఎవరి పేరుంటే ఆ పేరే తెర మీదికి వస్తుంది. అక్కడ పోయినవారి పేరు కనిపిస్తుంటే, చివర్లో సబ్సిడీ వేయాల్సిన బ్యాంకు ఖాతా ఎవరిది ఇస్తారు? బిల్లు మీద పేరు, ఖాతా పేరు కలవాలి. కలవకపోతే పలకలు బిగించి, నెట్ మీటరు (మీరు వాడిన కరెంటునీ, లైన్లోకి పంపినదాన్నీ లెక్కకట్టే మీటరు) తిరుగుతున్నా డబ్బు మాత్రం రాదు. పోయినవారి పేరు దాకా ఎందుకు, నాకైతే ఇంటిపేరే అడ్డుపడింది. కరెంటు బిల్లులో మా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, బ్యాంకు పాసుపుస్తకంలో పూర్తి పేరు. ఇద్దరూ నేనేనని ఒప్పించడానికి రెండున్నర నెలలు తిరిగాను. పొడి అక్షరానికే అంత తిరుగుడు.

కాబట్టి ముందుగా పేరు మార్పిడి. మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న కాగితం పట్టుకుని మీ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకి వెళ్లండి. అత్తగారు, ఆడపడుచు ఇద్దరి సంతకాలూ కావాలి. ఆడపడుచు పండక్కి వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ఇంటి ఆస్తి వ్యవహారం వేరు, ఇది కరెంటు మీటరు వరకే అని విడమరిచి చెబితే ఆమెకీ అనుమానం ఉండదు. ఇంటి పన్ను కూడా ఇంకా మామగారి పేరునే కడుతుంటే, జీవీఎంసీలో దాన్నీ మార్పించుకోవడానికి ఇదే సందు. ఇక మీటరు ఎవరి పేరుకి? లోను తీసుకునే ఆలోచన ఉంటే మీవారి పేరే మేలు, బ్యాంకు చూసేది ఆయన ఆదాయాన్నే కదా.

నెలాఖరు గడువంటారా, ఈ పథకాన్ని కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల ఖర్చు, 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా సమయం అని అప్పుడే చెప్పింది. నెలాఖరు గడువు ఆ కుర్రాడి టార్గెట్‌ది అయ్యుంటుంది.

ఇప్పుడు ఐదు కిలోవాట్ల సంగతి. సబ్సిడీ లెక్క తెలిస్తే సగం సంగతి తేలిపోతుంది. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30,000 చొప్పున 60,000. మూడో కిలోవాటుకి 18,000. మొత్తం 78,000. అక్కడితో సరి. నాలుగో కిలోవాటుకీ ఐదోదానికీ పైసా రాదు. ఐదు పెట్టుకున్నవాళ్లకీ అదే 78,000, మూడు పెట్టుకున్నవాళ్లకీ అదే. ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు, కానీ మూడింటితో వచ్చే సబ్సిడీనే ఐదింటికి వచ్చేదిగా చెప్పాడు.

అసలు లెక్క మీ బిల్లులో ఉంది. కిందటి మే నెల బిల్లు తీసి పక్కన పెట్టుకోండి. మన రాష్ట్రంలో ఇళ్లకి మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూపాయి తొంభై పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆ పైన 9 రూపాయల 75 పైసలు. 400 యూనిట్లు కాల్చిన నెలలో ఎనర్జీ చార్జీలే, అంటే యూనిట్ల ఖర్చే, 2,548 రూపాయలు. అందులో చివరి 175 యూనిట్లకే 1,531 పోతోంది. అంటే మీ బిల్లు బరువంతా పై మెట్లలో ఉంది, కింది మెట్లు చవక.

సోలార్ కోత పెట్టేది పై మెట్టు నుంచే. ఒక కిలోవాటు పలకలు రోజుకి సుమారు 4 యూనిట్లు, నెలకి 120 ఇస్తాయనుకుందాం. మొదటి కిలోవాటు 400 నుంచి 280కి దించుతుంది, అన్నీ 8.75 యూనిట్లే, మీకు మిగిలేది 1,050 రూపాయలు. రెండో కిలోవాటు 280 నుంచి 160కి దించుతుంది, మిగిలేది 871. మూడోది 160 నుంచి 40కి, మిగిలేది 540. నాలుగోదానికి మిగిలిన ఆ 40 యూనిట్లు తినడానికి దొరుకుతాయి, విలువ 87 రూపాయలు. ఐదోదానికి మీ ఇంట్లో పనే లేదు. అదంతా లైన్లోకి పోయే మిగులు. ఆ మిగులుకి డిస్కం కట్టే రేటు మీరు కట్టే 8.75 అవుతుందని మాత్రం ఎవరూ అనుకోకండి.

ఇది వేసవి లెక్క. 200 యూనిట్లు కాలే నెలల్లో మీ ఎనర్జీ చార్జీలు 867 రూపాయలే. రెండు కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు ఇస్తే అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మూడో కిలోవాటు ఆ నెలల్లో ఊరికే కూర్చుంటుంది. అందుకే మీకు నా సలహా రెండు కిలోవాట్లు. ఏడాదిలో ఆరు నెలలు వేసవి లెక్క, ఆరు నెలలు చల్లటి లెక్క అనుకుంటే రెండు కిలోవాట్లతో సుమారు 16,700 రూపాయలు మిగులుతాయి. ధర లక్షా నలభై వేలు చెప్పారనుకోండి, 60,000 సబ్సిడీ పోతే మీ చేతి నుంచి పోయేది 80,000. ఐదేళ్ల లోపే తీరిపోతుంది. మూడో కిలోవాటుకి చేతి నుంచి ఇంకో ముప్పై వేలు పెడితే, చల్లటి నెలల మిగులు యూనిట్లన్నీ వేసవికి జమ పడినా సరే, ఏడాదికి దాని వల్ల కలిసొచ్చేది నాలుగు వేల లోపే. ఎందుకంటే వేసవిలో రెండు కిలోవాట్లు పోగా మీకు మిగిలే బిల్లే నెలకు 627 రూపాయలు.

ఒక్క మాట మారితే ఈ సలహా మారుతుంది. ఒకటి రెండేళ్లలో కింద ఇంకో ఏసీ పెట్టాలనో, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలనో ఉంటే మూడుకి వెళ్లండి. అప్పుడు మీ యూనిట్లు 400 దాటి 9.75 మెట్టెక్కుతాయి, మూడో కిలోవాటుకి చేతినిండా పని ఉంటుంది. ఐదుకి మాత్రం ఏ లెక్కలోనూ రాలేం. పైవాటా వాళ్లకీ కలిసొస్తుందిగా అంటాడేమో ఆ కుర్రాడు. ఏ మీటరుకి నెట్ మీటరు పెడితే ఆ మీటరు బిల్లే తగ్గుతుంది. కింద మిగిలింది మెట్లెక్కి పైవాళ్ల మీటరులోకి పోదు. జీరో బిల్లు అన్న మాట కూడా కొంచెం తగ్గించి వినండి, ఫిక్స్‌డ్ చార్జీలాంటివి ఎప్పుడూ ఉంటాయి.

మీరు బీసీలైతే రాష్ట్ర ప్రభుత్వం రెండు కిలోవాట్ల వరకు ఇంకో 20,000 కలుపుతుంది, అంటే సబ్సిడీ మొత్తం 80,000. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం వేరే ఉంది. మీ ఉత్తరంలో ఆ వివరం లేదు కాబట్టి చెబుతున్నాను. కుల ధ్రువపత్రం వెంట పెట్టుకుని సెక్షన్ ఆఫీసులో అడగండి.

పర్మిషన్ల గురించి జనం పడే భయం ఇప్పుడు అంత అవసరం లేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు మార్చింది. పది కిలోవాట్ల లోపు ఇంటి సోలార్‌కి సాంకేతిక పరిశీలన పేరుతో ఆపే పని లేదు, దరఖాస్తు అన్నీ సరిగా ఉంటే ఆమోదించినట్టే లెక్క. పాత ఇల్లు కాబట్టి మీ లోడు (మీటరుకి మంజూరైన కిలోవాట్లు) తక్కువే ఉండొచ్చు, సోలార్‌కి తగ్గట్టు పెంచాల్సి వస్తే ఆ పని డిస్కందే. ఐదు కిలోవాట్ల లోపు వాటికి లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలపరచాల్సి వచ్చినా ఖర్చు డిస్కందే. బిగింపు అయ్యాక నెట్ మీటరు పెట్టి ప్రారంభించడానికి ఇంతకుముందు 30 రోజులుండేది, దాన్ని 15కి తగ్గించారు. కాబట్టి 'సెక్షన్ ఆఫీసులో చూసుకోవాలి' అని ఎవరైనా పదివేలు అడిగితే ఎందుకో రాసిమ్మనండి. రాసివ్వరు.

'అన్నీ నేనే చూసుకుంటా' అన్నచోట ఇంకో చిక్కు ఉంది. సూర్యఘర్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ మీరే చేయండి, మీ ఫోన్ నంబరుతో. దానికి ఫీజు లేదు. మీవారికి ఫోన్‌లో గ్యాస్ బుక్ చేయడం వస్తే ఇదీ వస్తుంది. కుర్రాడి నంబరుతో చేయిస్తే ఓటీపీలన్నీ అతనికి పోతాయి, రేపు అతను ఉద్యోగం మారితే మీ దరఖాస్తు ఎక్కడుందో మీకే తెలీదు. దరఖాస్తు ఆమోదం అయ్యాక పోర్టల్‌లో నమోదైన కంపెనీల జాబితా కనిపిస్తుంది. ఆ కుర్రాడి కంపెనీ అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే సబ్సిడీ మాట మర్చిపోవాల్సిందే. ఉంటే కూడా కనీసం ముగ్గుర్ని పిలిచి ధర అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పలకల మీద ఇంకా 12 కనిపిస్తే అది పాత కాగితం.

కొటేషన్‌లో ఇంకొక్క మాట వెతకండి: డీసీఆర్. అంటే పలకే కాదు, దానిలోని సెల్ కూడా మన దేశంలో తయారైనది. సబ్సిడీ దానికే వస్తుంది. డీసీఆర్ కానివి చవగ్గా దొరుకుతాయి, అందుకే కొందరు ధర తగ్గించి చూపిస్తారు. సబ్సిడీ తగ్గింపు ముందే ఇచ్చేశాం అనేవాళ్లతోనూ జాగ్రత్త. డబ్బు ప్రభుత్వం నుంచి నేరుగా మీ ఖాతాలోకే, సిస్టమ్ ప్రారంభమై మీరు బ్యాంకు వివరాలు ఇచ్చాక వస్తుంది, నెల రోజుల్లో అని నియమం. అప్పటిదాకా మొత్తం ధర మీరే సర్దుకోవాలి. చేతిలో లేకపోతే మూడు కిలోవాట్ల లోపు వాటికి హామీ అడగని లోన్లున్నాయి, రెండు లక్షల వరకు, వడ్డీ రెపో రేటుకి (రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే రేటుకి) అర శాతం కలిపి. బంగారం తాకట్టు పెట్టకండి, దీని కంటే అది ఖరీదు.

జీవీఎంసీ. మేడ మీద మామూలు స్టాండు వేసి పలకలు బిగించడానికి సూర్యఘర్ దరఖాస్తు ఎక్కడా బిల్డింగ్ ప్లాన్ అడగదు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, పలకల కింద గది కలిసొస్తుందని పది అడుగుల ఎత్తున ఇనుప స్తంభాలు లేపి, తర్వాత పక్కన రేకులు, ఆ తర్వాత ఇటుకలు పెట్టినప్పుడు. అప్పుడది సోలార్ కాదు, అనుమతి లేని గది. మన వీధుల్లో ఇలాంటివి చాలానే కనిపిస్తాయి. మీరు ఆ దారి పట్టొద్దు, తుపాను దృష్ట్యా కూడా.

తుపాను విషయంలో మీ భయం సబబైనదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి గాలి ఏం చేయగలదో వేరే చెప్పక్కర్లేదు. భారతీయ ప్రమాణాల్లో విశాఖపట్నానికి పెట్టిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మీ స్టాండు దానికి తట్టుకునేలా డిజైన్ చేశారా అని అడగండి, కాగితం మీద అడగండి. పలక ఎంత ఎత్తులో ఉంటే గాలి అంతగా కిందనుంచి లేపుతుంది, కాబట్టి తక్కువ ఎత్తు స్టాండే మీకు సరి. ముప్పై ఏళ్ల శ్లాబు కదా, బోల్టు కోసం డ్రిల్లు పెట్టి చూస్తే గుండ రాలితే అక్కడే ఆపించండి. శ్లాబుకి చిల్లులు పెట్టకుండా మేడ మీద సిమెంటు దిమ్మెలు పోసి వాటిలో కాళ్లు నిలబెట్టే పద్ధతి ఉంది, దిమ్మె బరువు ఎంత ఉండాలో ఇంజినీరు లెక్క కట్టాలి. సముద్రపు గాలికి ఇనుము నిలవదు. స్టాండుకి రంగు కాదు, వేడి జింకులో ముంచి తీసిన ఇనుము కావాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. తెల్లగా మెరిసేదంతా స్టీలు కాదు, జేబులో అయస్కాంతం ముక్క వేసుకెళ్లండి. మామూలు ఇనుప బోల్టుకైతే గట్టిగా పట్టేస్తుంది.

చాలామంది పెట్టించాక తెలుసుకుని బాధపడే సంగతి ఒకటుంది. బ్యాటరీ లేని ఈ సిస్టమ్ కరెంటు పోతే పనిచేయదు. ఎండ మండిపోతున్నా సరే, లైన్లో కరెంటు లేకపోతే సోలార్ ఇన్వర్టర్ (పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి మీ మేడ మీది కరెంటు తగలకుండా అలా తయారుచేశారు. హుద్‌హుద్ తర్వాత ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు సోలార్ ఇల్లు కూడా చీకట్లోనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు వాడే పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఇంట్లో ఉంటే అమ్మేయకండి.

ఇక మీరు అడగనిది ఒకటి చెబుతాను, నేను చేసిన తప్పు కాబట్టి. మా మేడ మీద వాటర్ ట్యాంకు నైరుతి మూల ఉంది. పలకలు బిగించింది ఏప్రిల్‌లో, అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ కనిపించలేదు. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలాడు, మధ్యాహ్నం రెండున్నరకల్లా ట్యాంకు నీడ చివరి పలక మీద అడ్డంగా పడుకుంది. ఒక్క పలకకి నీడ పడితే పోయేది దానిదొక్కటే అనుకున్నాను. ఒకే వరసలో కలిపినవి కదా, దాని చలవతో మిగతావీ డీలా పడ్డాయి. మీరు ఒక సుద్దముక్క తీసుకుని పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడుకి మేడ మీద ట్యాంకు నీడ, పిట్టగోడ నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ చుట్టూ గీతలు గీయండి. చలికాలంలో గీస్తే మరీ మంచిది. గీత లోపల పలక పెట్టనివ్వకండి, ఆ కుర్రాడు ఎంత నచ్చజెప్పినా సరే. పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి.

కడగడం కూడా మీ చేతిలో పనే. వన్‌టౌన్‌లో మేడల మీద పోర్టు నల్లపొడి ఎలా పేరుకుంటుందో చూసే ఉంటారు. మర్రిపాలెం దాకా అంత రాకపోయినా మామూలు దుమ్ము చాలు. వారానికో పదిరోజులకో పొద్దున్నే, పలకలు వేడెక్కక ముందు, మెత్తటి గుడ్డతో మంచినీళ్లు పోసి తుడవండి. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి చార పడుతుంది. అదో కొత్త మురికి. కంపెనీ వాళ్లు ఐదేళ్ల నిర్వహణ ఇవ్వాలన్నది పథకం నియమమే, కానీ వారంవారం గుడ్డ పట్టుకుని ఎవరూ రారు.

అత్తగారి సంగతి. రెండు కిలోవాట్లంటే ఇప్పటి 540 వాట్ల పలకలు నాలుగు. ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు, నాలుగు అడుగులకి కొంచెం తక్కువ వెడల్పు. మధ్య సందులతో కలిపి రెండు వందల చదరపు అడుగులు పోతాయనుకోండి. మీ మేడలో చాలావరకు ఖాళీగానే ఉంటుంది. పలకల మీద మాత్రం చాపలు ఆరేయనివ్వకండి. మా ఇంట్లో ఒకరోజు మధ్యాహ్నం యాప్‌లో యూనిట్లు సగానికి పడిపోయాయి. ఏమైందోనని పైకి పరిగెత్తితే రెండు పలకల మీద తడి దుప్పటి ఉంది.